ఆరో నంబరు మంచం నుంచి గోదావరి

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచీ అందరూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: పడవ ఎక్కావా? ఎక్కలేదు. నేను ఎక్కింది ఆసుపత్రి మంచం. ఆడవాళ్ళ వార్డులో, కిటికీ పక్కన, ఆరో నంబరు. అక్కడి నుంచి కొబ్బరి మట్టలు, కాలవలో కొంత భాగం కనబడతాయి. మీలో ఎవరైనా వెళ్ళదలచుకుంటే ఆ మంచం అడక్కండి, ఎందుకో చెబుతాను.

మాది ప్రొద్దుటూరు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. మా దగ్గర ఇంటికి వెళ్ళే ప్రతి రోగి చేతా ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తాం. మావాళ్ళు దాన్ని నింపరు, ఉతికి ఆరేస్తారు. సాంబారు నీళ్ళు, ఫ్యాను చప్పుడు, డాక్టరు మొహం చూడడు. వీటన్నిటి కంటే ఎక్కువగా వచ్చేది ఓబుళమ్మ పేరు. "ఓబుళమ్మ నన్ను నీకేమన్నా బుద్ధుందా అనింది." "సూదికి భయపడితే, మరి ముగ్గురు పిల్లల్ని ఎట్ల కన్నావని ఓబుళమ్మ అందరి ముందూ అడిగింది."

ఓబుళమ్మ మా ఆడవాళ్ళ వార్డులో ఆయా. పంతొమ్మిదేళ్ళుగా ఉంది. మా పెద్ద డాక్టరు గారికి గోదావరి వైపు ఒక స్నేహితుడున్నాడు, ఆయనకూ ఆసుపత్రి ఉంది. అక్కడ ఫారాలన్నిటిలో ‘చాలా బాగుంది’ అనే గడిలోనే టిక్కులు పడతాయట. ఆ కట్ట చూసి వచ్చినప్పటి నుంచి మా డాక్టరు గారికి నిద్ర లేదు. ఓబుళమ్మను తీసేసి, నవ్వుతూ మాట్లాడే మనుషుల్ని పంపే ఏజెన్సీకి వార్డు అప్పగిద్దామన్నారు. కాగితం కూడా టైపు చేయించి పెట్టారు. దాని మీద నా సంతకం పడాలి.

నేను గొణిగాను. యాభై దాటిన మనిషిని ఇప్పుడు బయటికి పంపితే ఇంకెవరు పనిలో పెట్టుకుంటారన్నాను. ఆయన నిదానంగా, నువ్వొకసారి వెళ్ళి వాళ్ళెట్లా చేస్తున్నారో నాలుగు రోజులు చూసి రా, వచ్చి సంతకం పెట్టు అన్నారు. అలా బయలుదేరాను. సంచిలో రెండు చీరలు, ఒక నోటుపుస్తకం, మనసులో ఓబుళమ్మ.

రాజమండ్రి

స్టేషను బయట ఆటో అతను, "మేడమ్ గారూ, తమరు ఎక్కడికెళ్ళాలండి?" అన్నాడు. నా వెనక ఎవరో పెద్దావిడ ఉందేమోనని తిరిగి చూశాను. మా ఊళ్ళో అయితే "యాడికి?" అంటారు, అంతే. బస్టాండుకు ఎంతన్నాను. ఎనభై అన్నాడు. యాభై అన్నాను. అతను బేరమాడలేదు. "మీకెంత తోస్తే అంత ఇవ్వండి, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానాండి" అన్నాడు. దిగేటప్పుడు వంద ఇచ్చి, చిల్లర వద్దన్నాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

బస్టాండు దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాను. అరవై రూపాయలు. పెసరట్టు కరకరలాడుతూ బ్రహ్మాండంగా ఉంది కానీ అల్లం పచ్చట్లో బెల్లం దండిగా పడింది. ఎర్రకారం దోసెలు తిని పెరిగిన నాలుక నాది. సర్వరు వచ్చి ఎలా ఉందండి అని అడిగితే ఉన్నమాట చెప్పాను, పచ్చడి తియ్యగా ఉందని. అతని మొహం వాడిపోయింది. లోపలికి వెళ్ళాడు. కాసేపటికి వంట మనిషి వచ్చాడు, ఆ తర్వాత ఓనరు వచ్చాడు. ముగ్గురూ నా బల్ల ముందు నిలబడి, కొత్త పచ్చడి నూరించమంటారా, కారప్పొడి వెయ్యమంటారా, వేరే ఏదైనా తెప్పించమంటారా అని అడుగుతుంటే పక్క బల్లల వాళ్ళు నన్నో గయ్యాళిని చూసినట్టు చూశారు. రోజ్‌మిల్క్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి నాకు బుద్ధొచ్చింది. అతను ఎలా ఉందండి అనక ముందే బాగుందన్నాను. నిజానికి బాగానే ఉంది.

కాలవ పక్క ఊరు

ఆసుపత్రి ఉన్న ఊరి పేరు చెప్పను. సామర్లకోట వెళ్ళే దారిలో ఎక్కడో ఉందనుకోండి, చాలు. మేడ మీదికి బోగన్‌విలియా పాకిన మూడంతస్తుల భవనం, ముందు కాలవ, కాలవ గట్టున కొబ్బరి బోండాల బండి.

అక్కడి మేట్రన్ మేరీ సుగుణ గారు నాకోసం గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. సన్నగా, తెల్లచీరలో, నా కంటే ఐదారేళ్ళు పెద్ద. నా సంచి నన్ను మొయ్యనివ్వలేదు. వార్డులన్నీ తిప్పి చూపించారు. నేల అద్దంలా ఉంది, దుప్పట్ల మీద మరక లేదు, ఫ్యాన్లు చప్పుడు చెయ్యడం లేదు. నర్సులు రోగుల్ని మామ్మగారూ, బాబాయిగారూ అని పిలుస్తున్నారు. ఎలా ఉందండి అంటే రోగులు బానే ఉందండి అంటున్నారు. పైగా "మీరు భోంచేశారాండి?" అని నర్సుల్నే అడుగుతున్నారు. మా వార్డులో రోగులు నర్సుల్ని అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడు పంపిస్తారని.

ఫారాల కట్ట చూశాను. నా కళ్ళు చెదిరాయి. అన్నీ టిక్కులే, ఒకే వరసలో, పై నుంచి కింది దాకా. సుగుణ గారు ఆ కట్ట నాకిచ్చి, ఎందుకో కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడ మొహంలో గర్వం లేదు. నేను అది గమనించాను కానీ పట్టించుకోలేదు. నోటుపుస్తకంలో ‘మర్యాద’ అని రాసుకుని రెండు గీతలు గీశాను. ఆ రోజు నాకు ఓబుళమ్మ మీద చాలా కోపం వచ్చింది. పిలుపులో ఒక ‘గారు’ తగిలిస్తే దాని సొమ్మేం పోయిందని.

పిఠాపురం

మర్నాడు ఆదివారం. సుగుణ గారు చర్చికి వెళ్ళాలి, నన్ను పిఠాపురం వెళ్ళి రమ్మన్నారు, మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లో. కుక్కుటేశ్వరుడి దర్శనం, అమ్మవారు పురుహూతిక దర్శనం తీరిగ్గానే అయ్యాయి. మధ్యలో ఒక్కటే అడ్డం వచ్చింది, లైన్లో నా ముందున్న ఇద్దరు తణుకు ఆడవాళ్ళు.

గుమ్మం దగ్గరికి వచ్చాక ఇద్దరూ ఆగిపోయారు. మీరు పదండంటే మీరు పదండని. ఒకావిడ నాతో, వదిన గారికి మోకాళ్ళ నెప్పులండి, నిలబడలేరు, చెప్పరు గానీ అంది. ఆ వదిన గారు వెంటనే, నాకేం లేదండి, ఈవిడకే బీపీ, పొద్దుటి మాత్ర కూడా వేసుకోలేదు, అడగండి కావాలంటే అంది. ఇద్దరికీ తమ ఒంట్లో ఏమీ లేదు, ఎదుటావిడ జబ్బులు మాత్రం మాత్రల పేర్లతో సహా తెలుసు. ఈలోగా పూజారి నైవేద్యమని తెర వేసేశాడు. వెనక ఉన్న వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో అయితే ఆ తెర పక్కనే పంచాయితీ జరిగేది. నేను నవ్వుకుంటూ నిలబడ్డాను, అంతకు మించి ఆలోచించలేదు.

సుగుణ గారి వడ్డన

ఇక ఆ భోజనం గురించి. పనసపొట్టు కూర, గోంగూర రొయ్యలు, కోడి వేపుడు, బొమ్మిడాయిల పులుసు, ముద్దపప్పు, ఆవకాయ, పూర్ణాలు, గడ్డపెరుగు. ఇంత పెట్టి, పులసల కాలం కాదని ఆవిడ పదిసార్లు నొచ్చుకున్నారు.

మా ఇళ్ళల్లో సంగటి ముద్ద వేస్తారు, ఇంకా కావల్నా అంటారు, వద్దంటే లేచిపోతాం. ఇక్కడ వద్దన్న మాటకు అర్థం లేదు. చాలన్నప్పుడల్లా బాగాలేదాండి అని అడుగుతారు. బాగుందంటే మరి ఇంకొంచెం వేయించుకోండి అంటారు. ఆ పూటకి పూర్ణాలు ఎన్ని తిన్నానో నేను చెప్పను, సుగుణ గారు మర్యాదస్తురాలు కాబట్టి ఆవిడా చెప్పరు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. తెల్లారేసరికి బిందెడు నీళ్ళు బయటికి పోయి, కళ్ళు లోపలికి పోయి, నిలబడితే నేల ఊగింది. సుగుణ గారు నన్ను చూసి ఒక్క కేక పెట్టి ఆటో పిలిపించారు. పరిశీలనకు వచ్చిన మేడం గారిని వీల్‌చైర్లో తోసుకొస్తుంటే వార్డంతా లేచి కూర్చుంది.

ఆరో నంబరు మంచం

లావణ్య అని కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు నా ఎడమ చేతికి సెలైన్ పెట్టింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నా ఉద్యోగం తెలిసి ఆ పిల్ల నరం కోసం రెండుసార్లు తడుముకుంది. సూది ఎక్కించి, నా కాళ్ళ మీద దుప్పటి సర్ది, అమ్మగారూ మజ్జిగ పోసుకొస్తానుండండి అంటూ పరుగెత్తింది.

పక్కన ఐదో నంబరు మంచం మీద నూకరత్నం అని ఉప్పాడ వైపు పెద్దావిడ ఉంది. ఊరూరా తిరిగి చేపలమ్ముతుంది. గంపతో బస్సు దిగుతూ పడి మోకాలి కింద ఎముక విరిగింది. ముందురోజు సాయంత్రమే మోకాలి పైదాకా సిమెంటు కట్టు వేశారు. నన్ను చూడగానే ఏ వూరండి, పిల్లలెంతమందండి అని అన్నీ కనుక్కుని, మీ వైపు చేపలు దొరకవంట కదాండి పాపం అని నా మీద జాలిపడింది.

రెండు గంటలకోసారి లావణ్య వచ్చేది. నెప్పేమన్నా ఉందాండి మామ్మగారూ? ఏం లేదమ్మా, బానే ఉంది. లావణ్య కాగితంలో రాసుకునేది. తర్వాత నా వైపు తిరిగేది. ఎలా ఉందండి అమ్మగారూ? బాగుందమ్మా.

బాగాలేదు. సూది నరంలోంచి తప్పింది. సెలైన్ చర్మం కిందికి పోయి మణికట్టు దగ్గర పూరీలా పొంగుతోంది, మంట పుడుతోంది. ముప్ఫై ఏళ్ళుగా నేను వందల మంది పిల్లలకు నేర్పించిన మొదటి పాఠమే అది, ఆ వాపు చూడగానే సూది తియ్యమని. చూస్తున్నాను. చెప్పడం లేదు. ఆ పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నాకు మజ్జిగ తెచ్చింది. అమ్మగారూ అంది. నీ సూది తప్పిందే పిల్లా అంటే చిన్నబుచ్చుకుంటుందని చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. గొట్టం చక్రాన్ని నేనే సన్నంగా తిప్పి, చుక్క పడీ పడనట్టు పెట్టుకున్నాను. కడప జిల్లాలో పుట్టి, మొహం మీద మాట్లాడ్డం తప్ప ఇంకేమీ తెలియని నేను, మూడు రోజుల్లో ఇలా తయారయ్యాను.

మధ్యాహ్నం లావణ్య రెండు ఫారాలు తెచ్చింది. అక్కడ ఇంటికి వెళ్ళే రోజు దాకా ఆగరు, రోజూ నింపిస్తారట. నాకొకటి, నూకరత్నానికొకటి. కుడిచేత్తో కలం పట్టుకుని, పై నుంచి కింది దాకా టిక్కులు పెట్టాను. చాలా బాగుంది, చాలా బాగుంది, చాలా బాగుంది. ‘నర్సులు మీ బాధను వెంటనే గమనించారా?’ అన్న చోట కూడా పెట్టాను. సంతకం చేశాను.

నూకరత్నానికి చదువు రాదు. "మీరే ఎయ్యండమ్మా. అన్నిట్లోనూ బాగుందనే ఎయ్యండి" అంది.

కాలు ఎలా ఉందో చెప్పకుండానే ఎలా వెయ్యమంటావన్నాను.

"బాలేదంటే ఆ పిల్లనే కదండి తిడతారు. నా మనవరాలంత ఉంది" అంది. నవ్వుతూనే అంది కానీ ఆవిడ చెయ్యి మంచం ఇనప కమ్మీని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. అప్పుడు చూశాను నేను, పొద్దుటి నుంచి ఆ చెయ్యి ఆ కమ్మీని వదల్లేదని.

సెలైన్ స్టాండు లాక్కుంటూ లేచి, ఆవిడ కాళ్ళ మీద దుప్పటి ఎత్తాను. కట్టులోంచి బయటికి కనబడే కాలి వేళ్ళు ఉబ్బి, నల్లబారి ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. కొంచెం కదిపితే ఆవిడ ఊపిరి బిగబట్టింది. కట్టు బిగిసి లోపల వాపుకి చోటు లేకపోతే రక్తం ఆగిపోతుంది. ఆలస్యమైతే కాలే పోతుంది. కాలు పోతే ఆవిడకి గంప లేదు, బస్సు లేదు, బతుకుతెరువు లేదు.

నాకు కోపమొచ్చింది. నా అంతట నేనే ఓబుళమ్మనైపోయాను. "నీకేమన్నా బుద్ధుందా? ఎప్పటినించి నొప్పి ఇది?" అని అరిచాను.

"తెల్లారగట్ల నించండి. పిండేత్తన్నట్టుంది" అంది నూకరత్నం.

"కాలు పోతే నీ గంప ఎవరు మోస్తారు? ఆ పిల్ల మోస్తుందా?"

వార్డంతా మా వైపు తిరిగింది. ఆ జిల్లాలో అంత గట్టిగా ఎవరూ మాట్లాడి ఉండరు. లావణ్య పరుగెత్తుకొచ్చింది. నేను దుప్పటి చూపించాను, ఆ పిల్ల వేళ్ళు చూసి తెల్లబోయి డాక్టరు కోసం వెనక్కి తిరిగింది. అప్పుడు నూకరత్నం, అంత నొప్పిలోనూ, ఆ పిల్ల కొంగు పట్టుకుని ఆపింది.

"నా సంగతలా ఉంచమ్మా. ముందు ఆవిడ చెయ్యి చూడు, కొంగు కింద దాసేత్తన్నారు. పొద్దుటినించీ చూత్తన్నాను, బూరెలా పొంగిపోయింది" అంది.

కట్టు కోసిన తర్వాత

ఎముకల డాక్టరు రంపం మిషను తెచ్చి కట్టుని నిలువునా కోసి వదులు చేశాడు. కాసేపటికి వేళ్ళల్లోకి రంగు తిరిగింది. నూకరత్నం ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, అమ్మయ్య అని, వెంటనే డాక్టరు గారికి శ్రమిచ్చానని నొచ్చుకుంది. ఇంకొన్ని గంటలు ఇలాగే వదిలేసి ఉంటే నేనేమీ చెయ్యలేకపోయేవాణ్ణని ఆయన సుగుణ గారితో మెల్లగా అన్నాడు. నా సూది తీసి కుడి చేతికి పెట్టారు. లావణ్య మూలన నిలబడి ఏడ్చింది. తప్పు నీ ఒక్కదానిదే కాదని, అడగడానికి ముందు చూడాలని నీకెవరూ చెప్పలేదని అన్నాను. దాచిపెట్టిన దాన్ని నేను, నాకే సిగ్గుగా ఉంది.

సుగుణ గారు నా మంచం మీద కూర్చుని, నేను నింపిన ఫారం ఒళ్ళో పెట్టుకుని చదివారు. తర్వాత చెప్పారు, ఆ టిక్కులు చూస్తే తనకు ఏళ్ళుగా భయమేస్తోందని. ఒకసారి ఒకాయన తల్లి ఆ వార్డులోనే పోయింది. శవాన్ని తీసుకెళుతూ ఆయన ఫారం అడిగి తీసుకుని మరీ, చాలా బాగా చూశారండి అని రాసి వెళ్ళాడట. ఆ తల్లి విషయంలో మేం ఎక్కడ తప్పామో తెలుసుకుందామంటే ఒక్కరూ చెప్పరండి అన్నారు. మీ ఊళ్ళో ఎలా అడుగుతారని అడిగారు.

అడగం, వాళ్ళే చెబుతారన్నాను. ఓబుళమ్మ గురించి చెప్పాను. అది రోగి దగ్గరికి వెళ్ళగానే ముందు దుప్పటి ఎత్తుతుంది, కాలూ చెయ్యీ తడుముతుంది, ఆ తర్వాత తిడుతుంది. తిట్టించుకున్న వాళ్ళు ఉడుక్కుని ఉన్నదంతా కక్కేస్తారు. పంతొమ్మిదేళ్ళు దాన్ని చూస్తూ ఈ సంగతి నాకు తట్టలేదు.

కానీ ఇక్కడి వాళ్ళను తిడితే లాభం లేదండి, వాళ్ళు ఆ తిట్టుకి కూడా బాగుందనే అంటారు అన్నారు సుగుణ గారు. అప్పుడు నాకు పిఠాపురంలో ఆ వదినా మరదళ్ళు గుర్తొచ్చారు. నూకరత్నం నా చెయ్యి పట్టించిన తీరు గుర్తొచ్చింది. పక్క మంచాన్ని అడిగి చూడండి అన్నాను.

మర్నాడు పొద్దున రౌండ్స్‌లో ఆవిడ అదే చేశారు. వెంట లావణ్య ముందుగా దుప్పట్లెత్తి చూస్తోంది. మూడో నంబరు దగ్గర ఆగి, నాలుగో నంబరు గారు ఎలా ఉన్నారండి అన్నారు సుగుణ గారు. అంతే, గట్టు తెగింది. ఏం బాగున్నారండి, రెండ్రోజుల్నించి ముద్ద ముట్టలేదు. నాలుగో నంబరావిడ ఊరుకుంటుందా? ఈవిడ మాత్రలన్నీ తలగడ కింద ఉన్నాయండి, ఎత్తి చూడండి అంది. ఎత్తితే ఆరు మాత్రలు. ఎనిమిదో నంబరు గురించి ఏడో నంబరు జబ్బుతో మొదలుపెట్టి కోడలి దాకా వెళ్ళింది. నవ్వి నవ్వి నా కడుపు మళ్ళీ నొప్పెట్టింది. ఈసారి ఆ మాట పైకి చెప్పాను.

బయలుదేరేటప్పుడు నూకరత్నం వేళ్ళు ఆడించి చూపించింది. ఉప్పాడ వస్తే ఎండుచేపలు కట్టిస్తానంది. సుగుణ గారు పూతరేకుల డబ్బా చేతిలో పెట్టి, కాస్త మొహమాటపడుతూ, మీ ఓబుళమ్మ గారిని ఒక నెల రోజులు మాకు పంపగలరాండి అన్నారు. పంతొమ్మిదేళ్ళలో ఆ పేరు వెనక ‘గారు’ రావడం నేను వినలేదు.

ప్రొద్దుటూరు

పెద్ద డాక్టరు గారి గదిలో బల్ల మీద ఆ టైపు కాగితం అలాగే ఉంది. నేను దాని పక్కన పూతరేకుల డబ్బా, సుగుణ గారిని అడిగి తెచ్చుకున్న నా ఫారం పెట్టాను. ఫారం చివర్లో ఉన్న నా సంతకాన్ని ఆయన చూసి, చూశావా, నువ్వు కూడా అన్నిటికీ టిక్కు పెట్టావు అని సంబరపడ్డారు. అక్కడ కడుపు చెడిందంట కదా, ఇప్పుడు ఒళ్ళెట్లుంది అని అడిగారు.

"బాగుంది సార్" అన్నాను. నాలుగు రోజుల అలవాటు.

అప్పుడే ఓబుళమ్మ కాఫీ తెచ్చింది. ఏ కాగితం మీద తన పేరుందో దానికి తెలియదు, చదవడం రాదు. గ్లాసులు బల్ల మీద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, నా కొంగు పక్కకు లాగి ఎడమ చెయ్యి బయటికి తీసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నీలంగా కమిలి ఉంది.

"అబద్ధాలు చెప్పేది యాడ నేర్చుకోనొచ్చినావు మేడమ్?" అంది.

డాక్టరు గారు పావుగంట నుంచి నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చెయ్యి చూశారు. తర్వాత ఫారం చూశారు. ‘మీ బాధను వెంటనే గమనించారా’ దగ్గర నేను పెట్టిన టిక్కు మీద ఆయన వేలు ఆగింది. నేను ఆరో నంబరు మంచం, ఐదో నంబరు కాలు, ఏదీ దాచకుండా చెప్పాను. సుగుణ గారు ఓబుళమ్మను అడిగిన సంగతి కూడా.

ఈలోగా ఓబుళమ్మ వేణ్ణీళ్ళల్లో గుడ్డ ముంచి తెచ్చింది. చెయ్యి బల్ల మీద పెట్టమంది. నీళ్ళు కారి బల్ల పాడవుతుందని అటూ ఇటూ చూసి, అక్కడున్న టైపు కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి నా చేతి కింద వేసింది. నేను డాక్టరు గారిని చూశాను. ఆయన కాగితాన్ని చూస్తున్నారు. గుడ్డలోంచి కారిన నీళ్ళకు సిరా అక్షరాలు ఉబ్బి ఒకదాన్లోకి ఒకటి కలిసిపోతున్నాయి. ఆయన చెయ్యి చాపి కాఫీ గ్లాసు తీసుకున్నారు, కాగితం తియ్యలేదు.

ఓబుళమ్మ గుడ్డ గట్టిగా నొక్కింది.

"ఇప్పుడు చెప్పు. నొప్పి ఉండాదా, లేదా?"

"ఉంది ఓబుళమ్మ గారూ" అన్నాను.